పదకొండు గంటల వంతు

ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక సందులోకి వచ్చి రాజమణి ఇల్లెక్కడని అడిగితే, "ప్రార్థన రాజమణమ్మనా?" అని ఎదురు ప్రశ్న వేసి మరీ చూపిస్తారు. క్రైస్తవులే కాదు, సందులో ఎవరైనా సరే. పిల్లలకు జ్వరమొచ్చినా, ఇంటికి పెళ్ళిచూపులకు ఎవరైనా వస్తున్నా, మూలమీది కిరాణా సేఠు దగ్గర్నుంచి కుట్టుమిషన్ ఖైరున్నిసా దాకా అందరూ ఆమె చెవిన ఒక మాట వేసి పోతారు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, "తండ్రీ..." అని అందుకుందంటే వినేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ గొంతు అలాంటిది. ఆ గొంతంటే రాజమణికి కూడా మహా ఇష్టం, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అబద్ధమెందుకు, ఒకప్పుడు ఆమె నిజంగానే ప్రార్థించిన మనిషి. మొగుడు తాగి తాగి మంచాన పడ్డ రోజుల్లో, పచ్చబడిన అతని కళ్ళలోకి చూడలేక, బియ్యం ఏరుతూ, బట్టలు పిండుతూ, బస్సు కోసం నిలబడి కూడా దేవుడితో మాట్లాడుతూనే ఉండేది. మొగుడు పోయాడు, ప్రార్థన మిగిలింది. ప్రార్థన వెనకే పేరొచ్చింది. పేరొచ్చాక ప్రార్థన ఏ సందు చూసుకుని జారుకుందో ఆమెకే తెలియలేదు. మాటలు మాత్రం ఎటూ పోలేదు. నలుగురున్న చోట కొంగు కప్పుకుంటే చాలు, వాటంతటవే వరసగా వచ్చేవి. ఒక్కతే ఉన్నప్పుడే రానని మొండికేసేవి.

ఇక పాల బీరయ్య సంగతి. రాజమణి ఇంటికి నాలుగిళ్ళ అవతల అతని గేదెల కొట్టం. పొద్దున్నే మోపెడ్‌కు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని చాయ్ హోటళ్ళకు పాలు పోసి వచ్చేవాడు. ఈ ఎండాకాలం మొదట్లో ఒకరోజు రైలు గేటు దగ్గర ట్రాలీ ఆటో తగిలి పడ్డాడు. తల రోడ్డుకు కొట్టుకుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఊపిరి ఆడుతోంది కానీ మనిషికి స్పృహ లేదు. లేస్తాడో లేవడో చెప్పలేమన్నారు డాక్టర్లు.

అయిదో రోజున అతని భార్య పుష్పమ్మ రాజమణి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నుదుటిమీద మల్లన్న పసుపు భండారు, చెదిరిన జుట్టు, అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన వాలకం.

"అక్కా, మల్లన్నకు మొక్కిన. దర్గకు పోయి తాయెత్తు కట్టిచ్చిన. ఇంక నీ యేసయ్య ఒక్కడే మిగిలిండు. నువ్వు అడిగితె ఇంటడంట. జర అడుగక్కా," అంది.

రాజమణి అక్కడికక్కడే ఆమె తలమీద చెయ్యి వేసి ప్రార్థన అందుకుంది. పుష్పమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ రాజమణి ఏమనుకుందో చెబితే మీరు నమ్మరు. ఇవాళ ప్రార్థన బాగా కుదిరింది అనుకుంది.

ఆ ఆదివారం బీరయ్య కోసం పాస్టర్ డానియేలు గొలుసు ప్రార్థన ప్రకటించాడు. పిండి గిర్నీ పైన రేకుల గది వాళ్ళ చర్చి, ముప్పై కుటుంబాల సంఘం. గొలుసు ప్రార్థనంటే పెద్ద మర్మమేమీ లేదు. రోజుకు ఇరవై నాలుగు గంటలు, గంటకొకరి వంతు. ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని మోకరిస్తారు. గంట కాగానే తర్వాతి వంతు వాళ్ళకు ఒక మిస్డ్ కాల్ ఇస్తారు. నేను లేస్తున్నాను, ఇక నువ్వు కూర్చో అని దానర్థం. అలా నలభై రోజులు ఆ మనిషి పేరు దేవుడి సన్నిధిలో ఒక్క నిమిషం ఆగకుండా వినబడుతూనే ఉండాలి.

"ఎడతెగకుండ ప్రార్థన చెయ్యాలంటే ఒక్క మనిషితోటి అయితదా?" అన్నాడు పాస్టర్. "మనం పండుకోవాలె, పనికి పోవాలె, వంట చేసుకోవాలె. అందుకే దేవుడు సంఘమిచ్చిండు. నా నోరు అలిసిపోతే నీ నోరు అందుకుంటది. కాని ఒక్క లంకె ఊడినా అది గొలుసు గాదు, గది యాదుంచుకోండ్రి."

రాజమణికి పగటి పదకొండు నుంచి పన్నెండు వంతు పడింది. ఆమె ముందు వంతు బాబురావుది, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పదకొండు కొట్టిందంటే ఆయన మిస్డ్ కాల్ వచ్చేసేది, ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. ఆమె తర్వాత వంతు అంగన్‌వాడీ యశోదది.

మొదటి రోజు రాజమణి గంటంతా మోకాళ్ళమీద ఉంది. రెండో రోజు మోకాళ్ళు సలిపి పీట మీద కూర్చుంది. మూడో రోజు అరగంటకే చెప్పాల్సిన మాటలు అయిపోయాయి. వినేవాళ్ళు ఎవరూ లేని గదిలో తన గొంతు తనకే ఎబ్బెట్టుగా తోచింది. నాలుగో రోజు బాబురావు మిస్డ్ కాల్ చూసుకోవడానికి ఫోన్ తీసింది, మళ్ళీ కింద పెట్టలేదు. అందులో ఒక వీడియోలో ఎవరో ఒకావిడ వంటింటి డబ్బాలు కడిగి, తుడిచి, పేర్ల చీటీలు అంటించి అలమరలో సర్దుతోంది. పప్పుల డబ్బాలయ్యాక దినుసుల డబ్బాలు. అవయ్యాక పై అరలో పచ్చళ్ళ జాడీలు. చూస్తుంటే ఇంకా చూడాలనిపించింది.

ఆ రోజు నుంచి అదే వరస. తలుపు గడియ వేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గోడకు చేరగిలబడేది. కొన్నాళ్ళు చూస్తూ చూస్తూ కునికేది. పన్నెండు కాగానే మాత్రం యశోదకు మిస్డ్ కాల్ వెళ్ళేది. అది ఏనాడూ తప్పలేదు. సిగ్గనిపించలేదా అంటే, ఎందుకనిపించలేదు, మొదటి రెండు రోజులు అనిపించింది. పని చేసుకుంటూ కూడా మనసులో ప్రార్థన సాగించవచ్చని ఎప్పుడో పాస్టరే చెప్పాడు కదా అని సర్దుకుంది. మిగతా ఇరవై ముగ్గురూ చేస్తున్నారు, ఈ ఒక్క గంటకు ఏమవుతుందిలే అని ఇంకాస్త సర్దుకుంది.

ఇంకొకటి కూడా గమనించింది. ఆ గంటసేపు సందు భలే ప్రశాంతంగా ఉండేది. కూరగాయల బండి అరుపు లేదు, పిల్లల గోల లేదు, ఖైరున్నిసా మిషన్ చప్పుడు కూడా లేదు. చూశావా, నా ప్రార్థన వేళకు సందంతా ఎంత మర్యాద ఇస్తోందో అని లోలోపల మురిసిపోయింది.

ఇరవై మూడో రోజు పదకొండున్నరకు ఎవరో తలుపు దబదబా బాదారు. ఇయర్‌ఫోన్లలోంచి కూడా వినబడేంత గట్టిగా. రాజమణి అదిరిపడి, ఫోన్ దిండు కింద తోసి, కొంగు తలమీదికి లాక్కుని, మరీ గడియ తీసింది. ఆ కంగారులో కూడా కొంగు మరిచిపోలేదు చూడండి.

పుష్పమ్మ కాళ్ళమీద పడింది. "లేచిండక్కా! కండ్లు తెరిచిండు! మా తమ్ముడు గుండయ్య ఇప్పుడే ఆస్పత్రి నుంచి ఫోన్ చేసిండు. నన్ను అడిగిండంట. నువ్వు లోపట అడుగుతున్నవ్, ఆడ ఆయన కండ్లు తెరిచిండు!"

"లే చెల్లె, లే," అంటూ రాజమణి ఆమెను లేవదీసింది. ఏమనాలో తోచక, "గింత జల్దీ ఎట్ల వచ్చినవ్?" అని అడిగింది.

"నేను ఈడనే ఉంట గదక్కా, రోజు," అంది పుష్పమ్మ.

గడప పక్కన మడిచిన గోనెసంచి ఉంది. పక్కనే నీళ్ళ సీసా. రోజూ పొద్దున గేదెల పని, ఆసుపత్రి పని ముగించుకుని, పదకొండుకు వచ్చి ఆ గోనెసంచి మీద కూర్చునేదట పుష్పమ్మ. కూరగాయలామెను సందు మొదట్లోనే ఆపేది. పిల్లలను తరిమేది. ఖైరున్నిసా కాళ్ళావేళ్ళా పడి గంటసేపు మిషన్ ఆపించింది. లోపల అక్క ప్రార్థనలో ఉంది, చప్పుడు చేస్తే ఆ మాట దేవుడికి సరిగ్గా వినబడదేమో అని ఆమె భయం.

పుష్పమ్మ ఆసుపత్రికి పరుగెత్తాక రాజమణి తలుపు మూసి మంచం మీద కూలబడింది. దిండు కింద ఫోన్‌లో ఆవిడ ఇంకా డబ్బాలు సర్దుతూనే ఉంది. రాజమణికి తల కొట్టేసినట్టయింది. వీధిలో నిలబెట్టి ఎవరైనా నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఒకామె మొగుడి ప్రాణం కోసం తన గుమ్మానికి కావలి కాసింది. తను ఆ గుమ్మం వెనక కునికింది.

మర్నాటి నుంచి ఆమె ఫోన్‌లో వీడియోల జోలికి పోలేదు. పదకొండుకు మోకరించేది. కానీ నోరు పెగిలేది కాదు. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? ఇరవై రోజులు దేవుడి కళ్ళ ముందే నాటకమాడి, ఇప్పుడు కొత్తగా "తండ్రీ" అంటే ఎవరు వింటారు? గంటంతా నేలకేసి చూస్తూ కూర్చుని, పన్నెండుకు యశోదకు మిస్డ్ కాల్ ఇచ్చేది.

రెండు వారాల తర్వాత బీరయ్య ఇంటికొచ్చాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు, మాట నెమ్మదిగా వస్తోంది. ఆ ఆదివారం పుష్పమ్మ చర్చికి వచ్చింది. భండారు బొట్టుతోనే వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. సాక్ష్యం చెప్పమని పాస్టర్ మైకు చేతికిచ్చాడు. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది.

"నాకు మీ ప్రార్థన రాదు. మా దేవునికైతే మొక్కుడు తెల్సు గని, గిట్ల గంట గంట మాట్లాడుడు నాకు తెల్వది. గందుకే రోజు పదకొండుకు పోయి రాజమణక్క గడప మీద కూసున్న. కండ్లు మూస్కొని ఒక్కటే మాటన్న. దేవుడా, లోపట మా అక్క ఏమడుగుతుందో నాకు అదే ఇయ్యి, ఆమె మాటే నా మాట అన్న. గంతే, ఇంకేమడగలే. దేవుడు ఇచ్చిండు."

సంఘమంతా "స్తోత్రం" అని చప్పట్లు కొట్టింది. మూడో వరసలో కూర్చున్న రాజమణికి ఆ చప్పట్లు ఒక్కొక్కటి చెంపమీద పడ్డట్టే ఉంది. లోపల తను ఏమడిగింది? ఏమీ అడగలేదు. పుష్పమ్మ తన మాట అంటూ వేరే పెట్టుకోకుండా, ఉన్నదంతా తెచ్చి రాజమణి మాటలో కలిపింది. ఆ రాజమణి దగ్గర మాటే లేదు.

"రాజమణమ్మా, ముందుకు రా తల్లీ," పిలిచాడు పాస్టర్.

వెళ్ళింది. మైకు అందుకుని, "నేనేం చెయ్యలేదు," అంది. "నిజంగ చెప్తున్న. ఆ గంటల నేను ప్రార్థన చెయ్యలేదు. నాకు ఇందుల ఏం లేదు."

పాస్టర్ కళ్ళు చెమర్చాయి.

"విన్నరా? తగ్గింపంటే గిది!" అన్నాడు. "చేసింది నేను గాదు, దేవుడే అంటుంది. నాకు ఏం లేదు అంటుంది. మనమైతే ఈపాటికి ఎంత చెప్పుకుందుమో! రాజమణమ్మను చూసి నేర్చుకోండ్రి!"

మళ్ళీ చప్పట్లు. ఈసారి ఇంకా గట్టిగా. బాబురావైతే లేచి నిలబడి మరీ కొట్టాడు. అలా కాదు, నేను ఫోన్ చూశాను, నిద్రపోయాను అని రాజమణి ఇంకొక్క మాట అనవచ్చు. మైకు ఇంకా చేతిలోనే ఉంది. కానీ అంతమంది ముఖాలు అలా వెలుగుతూ తనవైపే చూస్తుంటే ఆ మాట అనలేకపోయింది. మైకు పాస్టర్ చేతిలో పెట్టి వచ్చి కూర్చుంది. ఒప్పుకోవడానికి లేచి ఇంకాస్త పేరు సంపాదించుకుని కూర్చుంది. అక్కడే నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

ఇంటికి వెళ్ళలేదు. చర్చి నుంచి తిన్నగా బీరయ్య కొట్టానికి వెళ్ళింది. పుష్పమ్మ అప్పుడే వచ్చి, చీర మార్చుకుని, తొట్టిలో తవుడు కలుపుతోంది.

"రా అక్కా. చాయ్ పెడ్త కూసో," అంది.

"చాయ్ వద్దు. చెల్లె, పొద్దున నేనన్నది నిజం."

"ఏమన్నవక్కా?"

"ప్రార్థన చెయ్యలేదన్న గదా. తగ్గింపు గిగ్గింపు ఏం గాదు. మొదటి మూడు దినాలు చేసిన, మల్ల చెయ్యలే. ఫోన్ చూసుకుంట కూసున్న. కొన్ని దినాలు పండుకున్న."

పుష్పమ్మ నవ్వింది. "పాస్టరు సారు చెప్పిండు గదక్కా, నువ్వు గట్లనే అంటవని."

"బీరయ్య కండ్లు తెరిచిన పొద్దు నేను డబ్బాలు సర్దే వీడియో చూస్తున్న."

"ఏం డబ్బాలు?"

"స్టీలు డబ్బాలు. వంటింట్ల పెట్టుకుంటరు గదా. చీటీలు అంటిచ్చి, పప్పులయి ఒక దిక్కు, దినుసులయి ఒక దిక్కు పెడుతుంది ఒకామె. నువ్వు తలుపు కొట్టంగనే ఫోన్ మెత్త కింద దాచిపెట్టిన."

తొట్టిలో పుష్పమ్మ చెయ్యి ఆగిపోయింది. తగ్గింపు కోసం స్టీలు డబ్బాల కథ ఎవరూ అల్లరు. ఆమె నవ్వు మెల్లగా తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. గేదె ఒకటి మేత కోసం తల విదిలిస్తే దానివైపు కూడా చూడలేదు.

"మరి నేను," అంది చివరికి, "బయట కూసోని ఎవల మాటల నా మాట కలిపిన?"

రాజమణి తొట్టి అంచు పట్టుకుంది.

"కూరగాయలామెతోటి లొల్లి పెట్టుకున్న నీ గురించి. ఆమె ఇప్పటిదాంక నాతోటి మాట్లాడ్తలేదు. ఖైరున్నిసా గడ్డం పట్టుకోని బతిమిలాడిన. నువ్వు ఫోన్ చూసెతందుకా?"

"తప్పయింది చెల్లె," అంది రాజమణి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడువకు," అంది పుష్పమ్మ కటువుగా. "నీ ఏడుపు చూసే ఓపిక నాకు లేదు."

తవుడు చేతిని కుడితి బకెట్లో ముంచి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, ఇంటి లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆయనకు చెప్పకు. ఎవలకన్నా చెప్పుకో, సంఘంల నిలబడి చెప్పుకో, ఆయనకు చెప్పకు. పొద్దుగాల లేస్తే ఆ చెయ్యి లేపుతందుకు తిప్పలు పడ్తడు. రాజమణక్క నా గురించి రోజు గంట మోకాళ్ళ మీద ఉన్నది, నేను గీ చెయ్యి లేపనా అంటడు. నీ మోకాళ్ళు చూస్కొని లేస్తుండు ఆయన."

అంతకన్నా ఆమె చెంప పగలగొట్టినా బాగుండేది. రాజమణి తలవంచుకుని నిలబడింది. చేసిన తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందని వచ్చింది. దిగలేదు సరికదా, ఒక మనిషి ఆ తప్పు మీద చెయ్యి ఆనించి లేస్తున్నాడని ఇప్పుడు తెలిసింది.

"పుష్పా, ఎవరొచ్చిండ్రు?" లోపలి నుంచి బీరయ్య మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "రాజమణక్కనా? లోపటికి రమ్మను. ప్రార్థన చెయ్యమను."

రాజమణి బేలగా పుష్పమ్మ వంక చూసింది. వద్దను, ఇంకోసారి వస్తానని చెప్పు అన్నట్టుగా చూసింది.

"పో," అంది పుష్పమ్మ. "అడుగుతుండు గదా."

బీరయ్య మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. గుండు చేసిన తలమీద కుట్ల గాటు చెవి దాకా దిగింది. ఆమెను చూడగానే మంచి చేతిని నుదుటికి తాకించి, తల వంచాడు. రాజమణి వెళ్ళి ఆ తలమీద చెయ్యి వేసింది. పుష్పమ్మ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది, అన్నీ తెలిసిన కళ్ళతో.

అలవాటైన మాటలన్నీ నాలుక చివరికి వచ్చి వరసకట్టాయి. మహోన్నతుడవు, కృపాసత్య సంపూర్ణుడవు, అన్నీ వచ్చాయి. ఆ గుమ్మంలో మనిషి వింటుండగా వాటిలో ఒక్కటి కూడా పైకి అనడానికి ఆమెకు ముఖం చెల్లలేదు. అన్నింటినీ మింగేసింది. అరచేతి కింద కుట్లు గరుకుగా తగిలాయి. వెచ్చగా ఉంది తల. ఇన్నాళ్ళూ బీరయ్య అంటే గొలుసులో ఒక పేరు. ఇంత దెబ్బ తగిలిందని ఆమె ఇప్పుడే చూసింది. గుండెలోంచి ఏదో తన్నుకొచ్చింది.

"దేవా," అంది. ఆ గొంతు ఆమెది కాదు, బొంగురుపోయి ఉంది. "బీరయ్యను మంచిగ చెయ్యి. ఆలస్యమైంది. నాదే తప్పు. ఈయనను మంచిగ చెయ్యి."

ఇంకేమీ రాలేదు. ఆమెన్ అనడం కూడా మరిచిపోయి చెయ్యి తీసేసింది. బీరయ్య కొంతసేపు ఎదురుచూసి కళ్ళు తెరిచాడు.

"గంతేనా అక్కా? గంట చేస్తవన్నరు?"

పుష్పమ్మ గుమ్మానికి ఆనుకుంది. ఈమె ఏం చెబుతుందా అని చూస్తోంది.

"ఇయ్యాల గింతే వచ్చింది బీరయ్యా," అంది రాజమణి తల ఎత్తకుండా.

"సరె. మల్ల రేపొస్తవా?"

వస్తానని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ మాట చెప్పే యోగ్యత తనకుందో లేదో తెలియక, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

"వస్తది," అంది పుష్పమ్మ గుమ్మంలోంచి. "రోజొస్తది. పదకొండుకు నేనే పోయి తోల్కొస్త."